అన్యు లెవరు?

మన క్రైస్తవసోదరుల ప్రసంగములలో తఱచుగా వినవచ్చు మాట యొకటి గలదు. క్రీస్తును నమ్మనివారెల్ల వారికి “అన్యులు”. పాశమైలారమందో, బొల్లారమందో యొకే యంత్రముకడ రాత్రి డ్యూటీ చేయు నిరువురిలో నొకడు రెండవవానికి అన్యు డెట్లగునో మాకు బోధపడకున్నది. వారి కంట్రాక్టరు ఒక్కడే. పీల్చు పొగ యొక్కటే. బైబిలునందు అన్యజనులనగా యూదులు కానివారు. ఆ లెక్కను సంగారెడ్డి క్రైస్తవులును అన్యజనులే గదా! ఈ మాటను ప్రసంగపీఠములనుండి తొలగించిన గాని పొరుగువారితో మెలగు వివేకము కుదురదని మా దృఢాభిప్రాయము.

నిత్యజీవితమున చిక్కు పండుగనాడు వచ్చును. సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మ పూజ, దసరాకు ఆయుధపూజ. యంత్రములకు పసుపుకుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పులిహోర పంచుదురు. ఆనాడు కొందఱు క్రైస్తవకార్మికులు జ్వరమని చెప్పి సెలవు పెట్టుదురు. మఱికొందఱు ప్రసాదము నందుకొని గోడవెనుక పాఱవైతురు. మొదటిది పిరికితనము. రెండవది యవమానము, చూచినవాడు జన్మమున మఱువడు. “అన్నా, ఇది నా విశ్వాసమున కొప్పదు, ఏమియు ననుకొనకుము” అని చేతులు జోడించి చెప్పవచ్చును గదా! చెప్పి, బల్లలు మోయవచ్చును, నీళ్లందింపవచ్చును, అందఱు పూజలో నుండగా ఆపరాని బాయిలరును తాను కనిపెట్టి యుండవచ్చును. వ్రతములు, ఉపవాసములు, మడులు నెఱిగిన జాతి మనది. ఒకని నియమమును మఱియొకడు మన్నించుట మనకు క్రొత్తగాదు. నియమము పేర తిట్టుటయే మనకు సహింపరానిది. విగ్రహముల కర్పించిన యాహారమును గూర్చి పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసినపుడును ఎదుటివాని మనస్సాక్షినే ముఖ్యముగా నెంచెను. మన బోధకులు ఆ యధ్యాయములను మరల చదువుదురు గాక.

జబ్బుపడినవాని మంచముకడ కూర్చుండి, అతని యింటి దేవుని దూషించి, స్వస్థత కాశ చూపు బోధకులను గూర్చి మృదువుగా మాటాడుట మాకు చేతగాదు. రాజ్యాంగము 25వ అధికరణమున మతప్రచారస్వాతంత్ర్యము నిచ్చెనని వారందురు. ఇచ్చెను, మేము కాదనము. ఆ స్వాతంత్ర్యమునకు భంగము కలిగిననాడు ఈ పత్రిక వారి పక్షముననే నిలుచును. కాని హక్కు వేఱు, ఔచిత్యము వేఱు. రోగి లేచి నడచిన పిమ్మట సమానునితో సమానుడుగా వాదింపవచ్చును.

మిషనరీలతో మాకు గల వాదము లనేకములు. అయినను మెదకు దేవాలయమును చూచిన నొకమాట యొప్పుకొనక తప్పదు. పాస్నెట్టు దొర కఱవుకాలమున జనులకు పని యిచ్చి, కూడు పెట్టి, దానిని కట్టించెను. 1924 డిసెంబరు 25న దానికి ప్రతిష్ఠ జరిగెను. నేటికిని క్రిస్మసునాడు హిందువులును పిల్లలతో నచటికి పోవుదురు. పోవువారిని కరపత్రములు పిలువలేదు.

ఇక రెండవపక్షమువారికి. క్రైస్తవుడని తెలిసి గది యద్దెకీయనివారు, సీమమతమని యెత్తిపొడుచువారు, డోర్నకలు పోయి 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమును చూతురు గాక. భారతీయుడైన బిషప్పు అజరయ్య దాని స్తంభములను, గుమ్మటములను ఈ దేశపు శిల్పరీతులనుండియే గైకొనెను.

ఇంతకును మా యాగ్రహమునకు మూలము వేఱొకటి గలదు. నక్కవాగు విషపూరితమైనపుడు ఆ నీరు ఎవని పొలమును మతమడిగి చెఱుపలేదు. డాక్టరు అల్లాని కిషన్‌రావు పటాన్‌చెరు ప్రాంతపు రైతులను కూడగట్టి యేండ్లతరబడి పోరాడెను. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు నెక్కెను. 2025 జూన్ 30న పాశమైలారమందలి యొక ఔషధపదార్థముల కర్మాగారమున ప్రేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మడిసిరి. పొట్టకూటికై పరరాష్ట్రములనుండి వచ్చినవారు వారిలో పెక్కురు. డి.ఎన్.ఏ. పరీక్షలు లేక కొన్ని దేహములను గుర్తింపజాలరైరి. ఆ బూడిదలో విశ్వాసి యెవడు, అన్యు డెవడు?

ఈ ప్రాంతమున ప్రార్థనమందిరములకు కొదవ లేదు. మైకులు, చాపలు, ఆవరణములు వారికి గలవు. ప్రాణరక్షణకై కార్మికులు సభ చేయదలచి స్థలమునకై తిరుగునపుడు, వారి మతమడుగక తలుపు తెఱచు పాస్టరు ఎవరో మేము చూడగోరుచున్నాము.