ఆటల కాలేజీకి ఫీజు కట్టాలా, వద్దా?

ఈ మధ్య మా కర్నూలులో ఒక దర్జీ సోదరుడు అస్ర్ నమాజు తరవాత మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపారు. ఆయన కూతురు ఎంపీసీతో ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పాసయింది. హైదరాబాద్‌లో వీడియో గేములు తయారు చేసే కోర్సులో చేరతానంటోందట. "మౌల్వీ సాబ్, ఆడుకోవడానికి కూడా ఫీజు కట్టాలా? మీ దగ్గర ఉర్దూ చదువుకున్న పిల్ల. మీరైనా నచ్చజెప్పండి" అన్నారు. మేము ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "వద్దనండి, బీఎస్సీలో చేర్పించండి" అని చెప్పేసి ఇంటికి వచ్చేశాం. విచారించకుండా చెప్పిన ఆ మాట తప్పని ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

తరవాతి జుమా రోజు ఆ అమ్మాయి తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది. వాదించడానికి వచ్చిందనుకున్నాం. కాదు, ఒక అక్షర దోషం అడగడానికి వచ్చింది. ముందు సంచిలోంచి అట్టముక్కలు, వాళ్ళ అబ్బా దుకాణంలోని చొక్కా గుండీలు తీసి మా చాప మీద పరిచింది. కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న సందుల్లో ఒక కుర్రాడు పార్సిళ్ళు అందించే ఆట అది. కంప్యూటర్ ముట్టుకోకముందు ఆటను ఇలా కాగితం మీదే తయారు చేసి, నలుగురితో ఆడించి, ఎక్కడ విసుగు పుడుతోందో చూడాలట. ఈ చదువులో మొదటి పాఠాల్లో ఇదొకటి. మేమూ రెండు సార్లు ఆడి ఓడిపోయాం.

తరవాత అరువు తెచ్చుకున్న లాప్‌టాప్ తెరిచింది. అదే సందు తెర మీద కనబడింది. ఒక దుకాణం బోర్డు మీద 'కితాబ్ ఘర్' అని ఉర్దూలో రాయబోయింది. అయితే అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా నిలబడ్డాయి, పైగా తిరగబడ్డాయి. మొదటి మాటను కుడి నుంచి చదివితే కాఫ్, తే, అలిఫ్, బే రావలసింది పోయి బే, అలిఫ్, తే, కాఫ్ వచ్చాయి. "నేను సరిగ్గానే టైపు చేశాను ఉస్తాద్, ఇలా ఎందుకొచ్చింది?" అంది.

ఆ తప్పు పిల్లది కాదని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న మా మేనల్లుడు తరవాత వివరించాడు. మన లిపిలో చాలా అక్షరాలకు మాట మొదట ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ఒంటరిగా ఉంటే ఇంకొకటి. ఆటలు తయారు చేసే పనిముట్లు చాలావరకు ఇంగ్లీషును మనసులో పెట్టుకుని పుట్టాయి. వాటికి ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరం పేర్చడమే తెలుసు. తెలుగుకూ ఇదే గతి పట్టింది. ఒత్తులు పక్కకు జారిపోతాయి, గుణింతాలు విడిపోతాయి. అంటే మన ఇళ్ళలో మాట్లాడే రెండు భాషలకూ ఆ తెర మీద చోటు సరిగ్గా లేదన్నమాట. గొడో అనే ఉచిత పనిముట్టు 2023లో వచ్చిన నాలుగో రూపంలో ఈ లిపులను కలిపి రాసే ఏర్పాటు చేసింది. అలాంటి ఏర్పాటు ఎవరో కూర్చుని చేస్తేనే వస్తుంది. చేసేవాడికి ముందు ఆ లిపి తప్పుగా ఉందని కనబడాలి కదా!

కోట్ల డాలర్ల ఖర్చుతో తయారైన ఆటల్లోనే ఇది కనబడలేదు. కాల్ ఆఫ్ డ్యూటీ ఆటల్లో 2009లో వచ్చిన ఒక భాగంలో కరాచీ నగరం ఉంది. ఆ వీధుల బోర్డుల మీద ఉర్దూకు బదులు అరబీ రాతలు పెట్టారు. హాలండ్‌లో ఆటలు తయారు చేసే రామీ ఇస్మాయిల్ అనే ఆయన, ఈజిప్టు మూలాలున్న ముస్లిం, ఇలాంటి తప్పులను ఏళ్ళ తరబడి వేదికలెక్కి చూపిస్తూ వచ్చారు. తుపాకీ గురిలో నిలబడే మనిషిగా తప్ప ముస్లింకు ఈ ఆటల్లో చోటు లేకపోవడం మీద కూడా ఆయన మాట్లాడారు. మన పిల్లలు ఆ ఆటలే ఆడుతున్నారు, మన ఇళ్ళలోనే, మనం కొనిచ్చిన ఫోన్లలోనే. శ్రద్ధ ఉంటే వేరుగా చేయవచ్చని చెప్పడానికీ ఉదాహరణ ఉంది. 2023లో ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్ తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ కథతో అసాసిన్స్ క్రీడ్ మిరాజ్ అనే ఆట తెచ్చింది. చరిత్రకారులను సంప్రదించింది, పాత్రల చేత అరబీలో కూడా మాట్లాడించింది. అందులోనూ కత్తిపోట్లు ఉన్నాయి, ఆ ఆటను మేము మెచ్చుకోవడం లేదు. బాగ్దాద్ నగరాన్ని మాత్రం నగరంగా చూపించారు.

ఈ సందర్భంలో మాకు ఛత్తా బజార్ కాతిబ్‌లు గుర్తొచ్చారు. 1990లలో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి ఉర్దూ రాత కంప్యూటర్ మీదికి మళ్ళినప్పుడు, జీవితమంతా కలం పట్టిన ఎందరో ఉస్తాదులు పని పోగొట్టుకున్నారు. కంప్యూటర్ నేర్చుకున్న కొద్దిమంది నిలబడ్డారు. ఆ రోజుల్లో "ఈ డబ్బా ఎన్నాళ్ళుంటుందిలే" అన్న పెద్దల్లో మేమూ ఉన్నాం.

ఇంతకీ ఆ కాలేజీలో ఏం చెబుతారు? ఆడిస్తూ కూర్చోబెట్టరు. సెకనుకు 60 బొమ్మలు తెర మీద మారాలంటే ఒక్కో బొమ్మకు సెకనులో 60వ వంతు కన్నా ఎక్కువ సమయం దొరకదు. ఆ లోపల లెక్కలన్నీ తేలాలి. అందుకని ఇంటర్‌లో చదివిన వెక్టర్లు, త్రికోణమితి మళ్ళీ ముందుకొస్తాయి. ప్రోగ్రామింగ్, బొమ్మలు గీయడం, కథ రాయడం, శబ్దం కూర్చడం, తప్పులు పట్టడం, అన్నీ తలా కాస్త నేర్చుకుని ఒకదానిలో చెయ్యి తిరగాలి. ఆట ఆడటం ఇష్టమైన పిల్లలందరికీ ఇది పడదు. బిర్యానీ తినడం ఇష్టమని ప్రతివాడూ వంటవాడు కాలేడు.

ఇది జూదం వ్యాపారమేమో అన్నది ఆ తండ్రి అసలు భయం. భయం న్యాయమైనదే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటే దేశమంతటికీ చట్టం చేసింది. ఆ వెంటనే పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి, వాటిలో పనిచేసేవారెందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. డబ్బు పందెం లేని ఆటలను ఆ చట్టం నిషేధించలేదు. అయినా పిల్లల చేత గుడ్డిగా పెట్టెలు కొనిపించే లూట్ బాక్సుల బాపతు ఆటలు ఇంకా ఉన్నాయి. బెల్జియం 2018లోనే వాటిని జూదం కింద లెక్కగట్టింది. రేపు ఉద్యోగంలో అలాంటిది తయారు చేయమంటే ఏం చేస్తావని అమ్మాయిని అడిగాం. "వేరే ఉద్యోగం వెతుక్కుంటాను" అంది. అనడం తేలిక, ఆ రోజు వస్తే చూడాలి.

ఇక డబ్బు సంగతి. మేమూ ఆ సోదరుడూ కలిసి రైల్లో హైదరాబాద్ వెళ్ళి రెండు కాలేజీలు చూశాం. మొదటిది అద్దాల మేడ. "నూటికి నూరు ఉద్యోగం గ్యారంటీ" అన్నారు. నిరుడు మీ పిల్లలు పూర్తి చేసిన ఒక ఆట చూపించమంటే, గోడ మీద ఉన్న విదేశీ ఆట పోస్టరు చూపించారు. రెండోది ఇరుకు మెట్ల మేడ మీద ఉంది. అక్కడి మాస్టారు ఒక విద్యార్థి ఆట చూపించి, అందులో కుర్రాడు నేలలోకి జారిపోతుంటే కారణమేమిటో అరగంట వివరించారు. మాకు సగం అర్థం కాలేదు, కానీ అక్కడ చదువు జరుగుతోందని మాత్రం తెలిసింది. పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో, లేక ఉత్త సర్టిఫికెట్టేనో కాగితం మీద అడిగి తీసుకున్నాం. ఈ రంగంలో ఉద్యోగమిచ్చేవాడు పట్టా కన్నా ముందు చేసిన పని చూస్తాడు, కానీ పెళ్ళి, పిల్లలు, బదిలీల మధ్య ఆడపిల్లకు దారి మార్చుకోవలసి వస్తే డిగ్రీ పనికొస్తుంది.

ఉద్యోగాల విషయంలో తీపి మాటలు చెప్పలేం. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే ఆటల విభాగంలో 1,900 మందిని తీసేసింది. ఆట విడుదల దగ్గర పడితే రాత్రింబవళ్ళు పని ఉంటుంది. అందుకని తల్లి గాజులు కుదువ పెట్టి కట్టే ఫీజుకు మేము ఒప్పుకోలేదు. గొడో, బ్లెండర్ వంటి పనిముట్లు ఉచితం. ముందు ఇంట్లో ఉండి, ఎంత చిన్నదైనా సరే, ఒక ఆట చివరిదాకా పూర్తి చెయ్యి, అప్పుడు పొదుపు డబ్బుతో కట్టగలిగిన కాలేజీలో చేరుదువుగాని అన్నాం. మూడొంతులు చేసి వదిలేసే పిల్లలకు ఈ చదువు దండగ. తండ్రి ఆ షరతుకు ఒప్పుకున్నారు. అమ్మాయి ముఖం కాస్త చిన్నబోయింది.

నాలుగు నెలల్లో ఆట పూర్తయింది. రెండో కాలేజీలో మొదటి వాయిదా కట్టారు, గాజులు ఇంట్లోనే ఉన్నాయి. 'కితాబ్ ఘర్' బోర్డులో అక్షరాలు ఇప్పుడు కలిసే ఉన్నాయి, కానీ అరబీ పుస్తకాల నస్ఖ్ రాతలో ఉన్నాయి. ఉర్దూ బోర్డు నస్తాలీఖ్‌లో ఉండాలని మేమంటాం. ఆ ఫాంటు పెడితే ఆట బరువెక్కి చవక ఫోన్లలో నడవదని ఆమె అంటుంది. ఈ పేచీ ఇంకా తెగలేదు.