బాకీ వేరు, తాళం వేరు

అద్దె బాకీ పడిన కుటుంబం ఆసుపత్రి నుంచో, ఊరి నుంచో తిరిగివచ్చేసరికి ఇంటి తలుపుకు కొత్త తాళం వేలాడుతూ ఉంటుంది. సామాను లోపల, మనుషులు వీధిలో. చూసిన ఇరుగుపొరుగువారు "కిరాయి కట్టకపోతే యజమాని మాత్రం ఏం చేస్తాడు?" అని ఒక మాట అనేసి ఎవరి ఇంట్లోకి వారు వెళ్లిపోతారు. మన బస్తీల్లో ఈ మాటే న్యాయంగా చెలామణి అవుతున్నది. ఇది న్యాయం కాదనీ, చట్టం అంతకన్నా కాదనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తున్నాం. అద్దె బాకీ నిజమైతే అది చెల్లించవలసిందే. అందులో రెండో మాట లేదు. అయితే బాకీ అనేది డబ్బు లెక్క. దానిని వసూలు చేసుకోవడానికి నోటీసు ఉన్నది, దావా ఉన్నది, కోర్టు డిక్రీ ఉన్నది. తాళం వేయడం వీటిలో ఏదీ కాదు. ఫిర్యాది తానే, న్యాయాధికారి తానే, అమీనా కూడా తానే అయి ఒక మనిషి మరొకరి మీద తీర్పు అమలు చేయడమది. అటువంటి అధికారాన్ని ఈ దేశంలో ఏ చట్టమూ ఇంటి యజమానికి ఇవ్వలేదు.

"ఇల్లు నాది, తాళం నాది" అనేది యజమానుల వాదం. ఇల్లు వారిదే, కాదనం. కానీ అద్దెకిచ్చిన రోజునే దానిని అనుభవించే హక్కును వారు మరొకరికి బదిలీ చేశారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అద్దెకు చెప్పే అర్థమే అది. కాగితం రాసుకోకపోయినా, నోటి మాట మీద తాళంచెవి అప్పగించి నెలనెలా అద్దె తీసుకుంటే అది చెల్లే ఒప్పందమేనని ఆ చట్టం 107వ సెక్షన్ చెబుతున్నది. "అగ్రిమెంటే లేదు, నీవు కిరాయిదారువెట్లా అవుతావు?" అని బెదిరించేవారికి ఇదే సమాధానం. నెలవారీ అద్దెను ముగించాలంటే 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువుతో రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు ముగిసినా తాళం వేసే హక్కు పుట్టదు. దావా వేసే హక్కు మాత్రమే పుడుతుంది.

సుప్రీంకోర్టు ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. స్థిరమైన స్వాధీనంలో ఉన్న వ్యక్తికి అక్కడ కొనసాగే హక్కు లేకపోయినప్పటికీ, చట్టప్రకారం తప్ప అతడిని బయటికి పంపరాదని 1989లో ఒక తీర్పులో చెప్పింది. అదే ఏడాది ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న మరో కేసులో, లీజు గడువు ముగిసినా బలప్రయోగంతో స్వాధీనం తీసుకునే హక్కు యజమానికి లేదని స్పష్టం చేసింది. అక్కడ యజమాని సాక్షాత్తూ సర్కారు. సర్కారుకే లేని అధికారం రెండు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చిన వ్యక్తికి ఎక్కడి నుంచి వచ్చింది?

తెలంగాణలో అద్దె ఇళ్ల విషయంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా అమలులో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ 2017లో తనకు వేరే చట్టం చేసుకున్నది. 1960 చట్టం 10వ సెక్షన్ ప్రకారం రెంట్ కంట్రోలర్ ఉత్తర్వు లేనిదే ఇల్లు ఖాళీ చేయించడానికి వీల్లేదు. బాకీ ఉన్నంత మాత్రాన ఉత్తర్వు రాదు. బుద్ధిపూర్వకంగా ఎగవేసిందీ లేనిదీ కంట్రోలర్ విచారించాలి. కష్టకాలంలో తప్పిన బాకీ అని తేలితే 15 రోజులకు మించకుండా గడువిచ్చి, ఆలోగా బాకీ చెల్లిస్తే యజమాని దరఖాస్తును తోసిపుచ్చే అధికారం ఆయనకున్నది. ఎగవేతకూ, లేమికీ మధ్య తేడాను చట్టం గుర్తించింది. తాళానికి ఆ తేడా తెలియదు. సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు వంటి సదుపాయాలను నిలిపివేయడం కూడా ఈ చట్టం కింద నిషిద్ధమే.

ఇక్కడే ప్రభుత్వాన్ని నిలదీయవలసిన సంగతి ఒకటి ఉన్నది. 2005లో చేసిన సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. హైదరాబాదులో 3,500 రూపాయలకు ఈనాడు ఎటువంటి ఇల్లు దొరుకుతుందో ఏలినవారే చూపించాలి. రేకుల కప్పు కింద ఒక్క గదిలో ఉండే కూలీ సైతం ఈ చట్టం నీడలోకి రాలేని స్థితి. చట్టాన్ని రద్దు చేయకుండానే పేదవానికి దూరం చేయడం ఇట్లాగే జరుగుతుంది. అయితే ఈ పరిమితి దాటినవారు అనాథలు కారు. వారికి ఆస్తి బదిలీ చట్టం, సివిల్ కోర్టు ఉన్నాయి. తాళం వేసే అధికారం మాత్రం ఆ పరిమితికి ఇటూ లేదు, అటూ లేదు.

పోలీసు స్టేషనుకు వెళితే తరచుగా వినవచ్చే మాట "ఇది సివిల్ మ్యాటర్." సగం నిజం ఇది. అద్దె బాకీ సివిల్ వివాదమే. కానీ మనిషికి పోవడానికి హక్కున్న చోటికి పోనీయకుండా అడ్డుకోవడం అక్రమ నిరోధం. అది పాత శిక్షాస్మృతిలోనూ నేరమే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కిందా నేరమే. తాళం పగలగొట్టి లోపలికి చొరబడడం, సామాను పట్టుకుపోవడం, కొడతామని బెదిరించడం ఒక్కొక్కటీ విడివిడిగా నేరాలే. యజమాని అద్దెదారుపై ఫిర్యాదు చేస్తే పరుగున వచ్చే పోలీసు, అద్దెదారు ఫిర్యాదు చేసేసరికి సివిల్ శాస్త్రం వల్లించడం పక్షపాతం కాక మరేమిటి?

తాళం వల్ల యజమానికి ఒరిగేదైనా ఏమున్నది? మన ఇళ్లలో ఎందరు స్త్రీలు కుట్టుమిషను మీద, జర్దోజీ పని మీద సంసారం ఈదుతున్నారో మనకు తెలుసు. వారి మిషను లోపల, మగ్గం లోపల. ఆ రోజు నుంచి సంపాదన లేదు. సంపాదన లేనివారు బాకీ ఎట్లా తీరుస్తారు? పిల్లల సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, ఆధార్, ముసలివారి బీపీ మాత్రలు అన్నీ తలుపు అవతలే. మూడు నెలల బాకీ కోసం ఒక పిల్లవాని పరీక్ష పోతుంది, ఒక తల్లి మందు ఆగిపోతుంది. ఇంత చేసినా యజమాని చేతికి వచ్చేది గుండు సున్న.

మన కుటుంబాలకు ఈ దెబ్బ ఇతరుల కంటే లోతుగా తగులుతుంది. పేరు అడిగి, ఊరు అడిగి, ఆఖరుకు "మీకివ్వం" అని తలుపు వేసే పేటలు నగరంలో తక్కువేమీ కావు. ముస్లింలకు కోరుకున్న చోట ఇల్లు కొనడం గానీ, అద్దెకు తీసుకోవడం గానీ కష్టమవుతున్నదన్న ఫిర్యాదును సచార్ కమిటీ 2006లోనే తన నివేదికలో నమోదు చేసింది. అందువల్ల మనవారు కొద్ది బస్తీల్లోనే ఒకరి మీద ఒకరు కిక్కిరిసి బతుకుతున్నారు. వీరికి మరో దిక్కు లేదన్న సంగతి ఆ బస్తీల్లోని యజమానికి బాగా తెలుసు. ఆ యజమానుల్లో మనవారే ఎక్కువ అన్నది దాచవలసిన విషయం కాదు. పరాయి పేటలో ఇల్లు ఇవ్వనివానిని వివక్షాపరుడని వేదికల మీద ఖండించే పెద్దలు, సొంత గల్లీలో ముస్లిం యజమాని ముస్లిం వితంతువు గదికి తాళం వేస్తే మౌనం వహించడం మేము చూస్తూనే ఉన్నాం. అన్యాయానికి మతం చూసి కొలత మార్చేవారు హక్కుల గురించి మాట్లాడే అర్హతను కోల్పోతారు.

అప్పుతీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువివ్వమని అల్ బఖరా సూరా 280వ ఆయతు ఆదేశిస్తున్నది. తమవి కాని ఇళ్లలోకి అనుమతి అడగకుండా ప్రవేశించరాదని సూరా నూర్ బోధిస్తున్నది. మరోవైపు, స్థోమత ఉండి బాకీ ఎగవేయడం దౌర్జన్యమని హదీసు హెచ్చరిస్తున్నది. ఈ హెచ్చరిక అద్దెదారులకూ వర్తిస్తుంది. చేతిలో డబ్బుండి సాకులు చెప్పేవానిని మేము సమర్థించబోము.

అద్దె మీదనే బతికే యజమానులున్నారనీ, కోర్టుల్లో ఏళ్లు పడుతుందనీ అభ్యంతరం చెప్పేవారున్నారు. రెండూ నిజమే. భర్త పోయి, ఒక పోర్షను అద్దెతో మందులు కొనుక్కునే ముసలమ్మ కష్టం కష్టం కాకపోదు. కానీ న్యాయం ఆలస్యమైతే త్వరగా ఇమ్మని అడగాలి గాని న్యాయాన్నే పక్కకు నెట్టరాదు. ఆలస్యం పేరిట ప్రతివాడూ తన తీర్పు తానే అమలు చేసుకుంటే, చివరికి గెలిచేది బలం ఉన్నవాడే. ఆ ముసలమ్మకు ఆ బలం ఎన్నటికీ ఉండదు.

ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి కాగితాల మధ్య గడిపిన అనుభవంతో అద్దెదారులకు కొన్ని మాటలు చెబుతున్నాం. అద్దె కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. ఇవ్వకపోతే బ్యాంకు ద్వారానో, ఫోను ద్వారానో చెల్లించండి. ఆ జాడే రేపు సాక్ష్యం. అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇంట్లో యజమాని అద్దె తీసుకోనంటే, బ్యాంకు పేరు తెలపమని నోటీసివ్వండి. పది రోజుల్లో తెలపకపోతే మనియార్డరు చేయండి. అదీ వద్దంటే రెంట్ కంట్రోలర్ వద్ద జమ చేయవచ్చు.

తాళం పడితే మీరు దానిని పగలగొట్టకండి. అది మీ మీదనే కేసవుతుంది. ఫోటో తీయండి, తేదీ రాసుకోండి, కరెంటు బిల్లు, గ్యాసు బుక్కు వంటి ఆ చిరునామా ఉన్న కాగితాలు కూడగట్టండి. పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపండి. నోటిమాటకు ఫైలు ఉండదని గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్. చట్టవిరుద్ధంగా స్వాధీనం పోగొట్టుకున్నవారు ఆరు నెలల లోపల దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న జోలికి పోకుండానే కోర్టు స్వాధీనం తిరిగి ఇప్పించగలదు. ఆరు నెలలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. బంధువుల ఇళ్ల చుట్టూ, పెద్దల చుట్టూ తిరుగుతూ ఆ గడువును పోగొట్టుకోకండి. వకీలు ఫీజుకు భయపడనవసరం లేదు. న్యాయసేవల అధికార సంస్థ ద్వారా స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. దానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ప్రభుత్వం 3,500 రూపాయల పరిమితిని వెంటనే సవరించాలి. అద్దె వివాదాలు నెలల్లో తేలే ఏర్పాటు చేయాలి. అందులో యజమానికీ మేలున్నది. తాళం వేసిన ఫిర్యాదులను సివిల్ పేరిట తిప్పిపంపరాదని పోలీసు ఉన్నతాధికారులు స్టేషన్లకు ఆదేశాలివ్వాలి. మసీదు కమిటీలు, బస్తీ పెద్దలు బాకీ పంచాయితీకి కూర్చునే ముందు ఒకే ఒక షరతు పెట్టాలి: మొదట తాళం తీయండి, తర్వాత లెక్క మాట్లాడుకుందాం. బాకీకి వాయిదాలు కుదర్చండి, అవసరమైతే జకాత్ నుంచి సాయం చేయించండి. కానీ ఒక కుటుంబం వీధిలో నిలబడి ఉండగా తాళంచెవి జేబులో వేసుకున్నవానితో కలిసి కూర్చుని చాయ్ తాగడం పెద్దరికం కాదు.