కోతలకాలంలో పసివాళ్లను చూసేదెవరు?

మిర్చి కోతలు మొదలయ్యాయంటే మన పల్నాడు పల్లెల్లో ఇంటిపట్టున ఉండే ఆడమనిషి అరుదు. తెల్లవారుతూనే కూలీల ఆటోలు కదులుతాయి. మరి ఇంట్లో రెండేళ్ల బిడ్డ సంగతేమిటి? నాయనమ్మో అమ్మమ్మో ఉంటే సరే. లేకుంటే అయిదో తరగతి చదివే అక్క బడి మానాలి. కోతలు ముగిసేసరికి పాఠాల్లో వెనకబడిపోయి, ఆ పిల్ల మళ్లీ బడి ముఖం చూడడమే కష్టం. తమ్ముణ్ణి ఎత్తుకున్నందుకు అక్క చదువు పోతున్నది.

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పప్పు ఇచ్చే చోటని చాలామంది భావం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో ఈ పథకం ప్రారంభించినప్పుడే తిండితోపాటు టీకాలు, ఆరోగ్య పరీక్షలు, మూడేళ్లు దాటినవారికి ఆటపాటల చదువు కూడా చేర్చారు. మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. అదను దాటాక వేసిన ఎరువు సంగతి రైతుకు ఒకరు చెప్పాలా!

అయితే మూడేళ్లలోపు వారికి ఇంటికి సరుకులు ఇవ్వడమే గాని, రోజంతా చూసుకునే ఏర్పాటు చాలా ఊళ్లలో లేదు. కేంద్రం తలుపు తీసేసరికి తల్లి చేలో ఉంటుంది. పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, ఆ పైన వస్తే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. అది ఎన్నిచోట్ల అమలైందో కూలీలనే అడగండి. మిర్చి చేలకు ఆ మాటా లేదు. ఆదోని, కోసిగి వైపు నుంచి వలస వచ్చేవారి బిడ్డలైతే చేలగట్ల మీదే, ఘాటులోనే పడుకుంటారు. ఊరి రిజిస్టరులో పేరు లేదని వారిని వదిలేయడం న్యాయం కాదు.

బిడ్డ క్షేమంగా ఉంటే తల్లికి పూర్తి కూలి దక్కుతుంది, రైతుకు కోత ఆగదు. కాబట్టి ఇందులో రైతులూ చేయి కలపాలి. అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడిపేందుకు 2022లో మిషన్ శక్తి కింద 'పాల్నా' పథకం వచ్చింది. పంచాయతీలు సంక్రాంతికి ముందే గ్రామసభ పెట్టి, ఊరివారివీ వలస వచ్చేవారివీ పిల్లల లెక్క రాసి, తమకూ ఒకటి కావాలని తీర్మానం చేసి సి.డి.పి.ఓ.కు పంపాలి. అది వచ్చేదాకా కోతల నెలల్లో బడి వరండాలో ఇద్దరు ఆయాలను పెట్టడం ఊరికి మోయలేని ఖర్చేమీ కాదు.