పాత ఫోనును తుడుచుటకు ముందు

ఇంటికి క్రొత్త స్మార్టుఫోను వచ్చినపుడు పాతదానిలోని యాప్‌లను, సెట్టింగులను దానిలోనికి మార్చు పని నేడు తఱచుగా బడిపిల్లల చేతనే పడుచున్నది. వారు దానిని గంటలో ముగించి పాత ఫోనును తుడిచివేయుదురు. ఈ తొందర నాకు సమ్మతము గాదు.

తెరపై యాప్‌ల గుర్తులన్నియు కనఁబడినంత మాత్రమున లోని సరకంతయు వచ్చినదని తలఁపరాదు. ఫోను నంబర్లు, ఛాయాచిత్రములు, వైఫై సంకేతపదములు సులభముగనే వచ్చును. యూపీఐ యాప్‌లో మాత్రము సిమ్ నుండి సందేశము పంపి మరల నమోదు చేసికొనవలయును. అది మన సొమ్ము రక్షణకే గనుక దానిపై నాకు ఫిర్యాదు లేదు.

వాట్సాప్ సంగతి వేఱు. ఆండ్రాయిడ్ ఫోను తన సంభాషణలను గూగుల్ ఖాతాలో దాఁచును. ఐఫోనులోని వాట్సాప్ ఆ నిలువను చదువఁజాలదు. ఒకదానినుండి వేఱొకదానికి నేరుగా మార్చు మార్గము 2022లో వచ్చినది గాని, అందులకు రెండు ఫోనులును చెంత నుండవలయును.

నే నీ సంగతి ఆలస్యముగా నెఱిఁగితిని. గతించిన మా తల్లిగారి వాయిస్ మెసేజులు నా పాత ఫోనులో నుండెను. “అన్నియు వచ్చినవండి” యన్న దుకాణదారుని మాట నమ్మి దానిని అచ్చటనే అమ్మివేసితిని. ఆమె కంఠము రాలేదు.

కావున విద్యార్థులారా, పాత ఫోనును ఒక వారమైన నుంచుఁడు. నాన్నగారిని ప్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని యొక్కొక్క యాప్‌ను తెఱపింపుఁడు. మిక్కిలి పాతదైన వాయిస్ మెసేజు నొకదానిని క్రొత్త ఫోనులో నొక్కి చూడుఁడు. అది పలికిన పిదప తుడువవచ్చును.