పాఠ్యగ్రంథాల సరసన మరొక బీరువా

కళాశాలకు గ్రంథాలయం హృదయం వంటిదని ప్రతి వార్షికోత్సవ సభలోనూ ఎవరో ఒకరు సెలవిస్తూనే ఉంటారు. మనమందరం కరతాళధ్వనులు చేస్తూనే ఉంటాము. కాని పుస్తకాలు కొనవలసిన వేళ వచ్చేసరికి ఆ హృదయానికి మనం అందించే ఆహారం ఒక్కటే: పరీక్షలో ప్రశ్న రాగల పుస్తకం. కిందటి సంవత్సరం కొనుగోలు జాబితాలో అమెరికా చరిత్ర, ప్రకృతి, క్రీడలకు సంబంధించిన పన్నెండు గ్రంథాల పేర్లు నేను చేర్చి పంపాను. జాబితా తిరిగి వచ్చినప్పుడు ఆ పన్నెండు పేర్లమీదా ఎర్ర పెన్సిలు గీత ఉన్నది. పక్కన ఒక చిన్న వాక్యం: ‘పరీక్షలకు ఉపయోగపడవు.’

ఆ గీత గీసిన పెద్దలను నేను తప్పు పట్టను. నిధులు స్వల్పం, ప్రతి రూపాయికీ జవాబు చెప్పుకోవలసిన బాధ్యత వారిది. అయినా ఆ వాక్యం సరైనది కాదని నా దృఢాభిప్రాయం. ఎందుకు కాదో మన పత్రిక ముఖంగా విద్యార్థులకూ, పాలకవర్గ సభ్యులకూ సవినయంగా మనవి చేస్తాను.

మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. మన చరిత్రే మనకు సరిగా తెలియదు గదా, అమెరికా చరిత్ర ఎందుకు? అగ్రరాజ్యం తన గొప్ప తాను చెప్పుకొనే పుస్తకాలకు మన డబ్బెందుకు? ప్రశ్న న్యాయమైనదే. కాని నేను కోరిన పుస్తకాలు అమెరికా తన గొప్ప చెప్పుకొన్నవి కావు. అందులో అధికభాగం ఆ దేశం తన తప్పులను తానే విచారించుకొన్న గ్రంథాలు. ఒక జాతి అద్దం ముందు నిలబడి తనను తాను ప్రశ్నించుకొనడం ఎలా ఉంటుందో చూడడం ఏ దేశపు విద్యార్థికైనా మేలు చేసే చదువే.

చరిత్రతో ఆరంభిస్తాను. ఫ్రెడరిక్ డగ్లస్ మేరీలాండు రాష్ట్రంలో బానిసగా జన్మించాడు. బాల్టిమోరు నగరంలో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పనారంభించింది. ఆ సంగతి భర్తకు తెలిసింది. చదువు వస్తే వీడు బానిసగా ఉండడానికి పనికిరాడని ఆయన ఆ పాఠాన్ని అక్కడితో ఆపించాడు. ఆ మందలింపు పిల్లవాని చెవిని పడింది. తనను బంధించిన తాళానికి చెవి ఎక్కడున్నదో యజమాని నోటి వెంటే విన్నాడు. ఆనాటి నుండి వీధిలోని తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి, వారివద్ద అక్షరాలు నేర్చుకొన్నాడు. 1838లో పారిపోయి స్వేచ్ఛ పొందాడు. 1845లో తన జీవితకథను ప్రకటించాడు. ఇంటిలో మొట్టమొదటిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. వారికి ఈ పుస్తకం పరాయి దేశపు కథ అనిపిస్తుందా? చదువు విలువ చదువుకొన్నవాని కంటె చదువును నిషేధించినవానికే బాగా తెలుసునని బోధించే గ్రంథం పరీక్షకు ఉపయోగపడదని గీత గీయడం ఎంతవరకు ఉచితమో పెద్దలు ఆలోచించాలి.

రెండవది డీ బ్రౌన్ రచన, ‘బరీ మై హార్ట్ ఎట్ ఊండెడ్ నీ’. 1970లో వెలువడిన ఈ గ్రంథకర్త వృత్తిరీత్యా గ్రంథాలయాధికారి అని తెలిస్తే మన గ్రంథాలయాధికారి మిత్రులు సంతోషిస్తారు. పడమటి దిశగా సాగిన విస్తరణను వీరగాథగా చెప్పుకొనే అలవాటున్న దేశంలో, అదే కథను భూములు పోగొట్టుకొన్న ఆదివాసుల పక్షాన నిలిచి ఆయన చెప్పాడు. ఒప్పందాల, సమావేశాల నివేదికలలో నమోదైన వారి నాయకుల మాటలనే ఆధారంగా గ్రహించాడు. 1860 నుండి 1890 వరకు మూడు దశాబ్దాల కథ అది. 1890 డిసెంబరు 29న దక్షిణ డకోటాలోని ఊండెడ్ నీ వాగు దగ్గర జరిగిన మారణకాండతో ముగుస్తుంది.

కాని అక్కడితో ఆగరాదు. ఆ పుస్తకం చదివినవారు ఆదివాసుల చరిత్ర 1890తో అంతరించిందని భ్రమపడే ప్రమాదమున్నది. ఒజిబ్వే జాతికి చెందిన డేవిడ్ ట్రోయర్ 2019లో ‘ది హార్ట్‌బీట్ ఆఫ్ ఊండెడ్ నీ’ అనే గ్రంథం రచించి, ఆ తరువాత కూడ తమవారు బతికారు, చదివారు, పోరాడారు, నేటికీ ఉన్నారని నిరూపించాడు. గొప్ప పుస్తకానికి సైతం జవాబు ఉంటుందన్నమాట. ఇదే విధంగా హోవర్డ్ జిన్ 1980లో సామాన్యుల దృష్టి నుండి అమెరికా చరిత్ర వ్రాశాడు. అది ఏకపక్షమని పలువురు చరిత్రకారులు విమర్శించారు. డానియెల్ బూర్‌స్టిన్ అదే దేశాన్ని నూతన కల్పనల, ప్రయోగాల దేశంగా మూడు సంపుటాలలో చిత్రించాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థి ఎవరి మాటనూ గుడ్డిగా నమ్మడు. నేను వైవిధ్యం కోరుతున్నది ఇందుకే. ఒకే పక్షపు పుస్తకాలు పది కొనడం కంటె పరస్పరం వాదించుకొనే పుస్తకాలు రెండు కొనడం మేలు.

ఇక ప్రకృతి. హెన్రీ డేవిడ్ థోరో 1845 జూలై 4న మసాచుసెట్సులోని కాంకర్డు గ్రామం వద్ద వాల్డెన్ చెరువుగట్టున తాను స్వయంగా కట్టుకొన్న కుటీరంలో ప్రవేశించి రెండేళ్లకు పైగా నివసించాడు. 1854లో ప్రకటించిన ‘వాల్డెన్’ ఆ నివాస ఫలం. అక్కడ ఆయన భగవద్గీత చదివాడు. శీతకాలంలో కూలీలు ఆ చెరువు మంచును దిమ్మెలుగా కోస్తూ ఉంటే, ఈ నీరు మద్రాసు, బొంబాయి, కలకత్తా ప్రజల దాహం తీరుస్తుంది గదా అని తలపోశాడు. అది కవి కల్పన కాదు. బోస్టన్ నుండి ఓడలలో మంచుగడ్డలు మన దేశానికి వచ్చిన కాలమది. మద్రాసు సముద్రతీరాన ఐస్ హౌస్ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన భవనం ఆ వ్యాపారం కోసం కట్టినదే. మన గీత వారి చెరువుగట్టుకు వెళ్లింది. వారి చెరువు మంచు మన తీరానికి వచ్చింది. శాసనోల్లంఘనంపై 1849లో అచ్చయిన థోరో వ్యాసం దక్షిణాఫ్రికాలో ఉండగా గాంధీజీకి చేదోడయింది. పుస్తకాలకు పాస్‌పోర్టులు అక్కరలేదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

ఆల్డో లియోపోల్డు అడవిశాఖ ఉద్యోగి. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, వేటగాళ్లకు పండుగ అని యౌవనంలో నమ్మి తోడేలును కాల్చినవాడు. తోడేళ్లు పోయిన కొండలమీద జింకలు ప్రతి పొదనూ, మొక్కనూ మొదలంటా మేసివేసి, చివరకు ఆకలితో తామే చచ్చిపోవడం తరువాత చూశాడు. ఆయన ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ ఆయన మరణానంతరం 1949లో వెలువడింది. తన పొరపాటును నిజాయితీగా ఒప్పుకొన్న శాస్త్రజ్ఞుని గ్రంథం అది.

రేచెల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962 నాటిది. ఎల్మ్ చెట్ల తెగులు నివారణకు డి.డి.టి. చల్లారు, రాలిన ఆకులను వానపాములు తిన్నాయి, ఆ వానపాములను తిన్న రాబిన్ పక్షులు నేలరాలాయి. విషం ఒకచోట చల్లితే ఎన్ని చేతులు మారి ఎక్కడ తేలుతుందో ఆమె వివరించింది. రసాయన పరిశ్రమ ఆమెను ఎద్దేవా చేసింది. అప్పటికే ఆమె కాన్సర్ వ్యాధితో బాధపడుతున్నది; 1964లో కన్నుమూసింది. 1972లో అమెరికా ప్రభుత్వం పంటలపై డి.డి.టి. వాడకాన్ని నిషేధించింది. ఆమె రసాయనాలన్నిటినీ మానమనలేదు. తెలిసి, కొలిచి వాడమన్నది. పత్తి చేలమీద మందు చల్లే తండ్రుల బిడ్డలు మన తరగతులలో కూర్చున్నారు. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పత్తి దెబ్బతిని ప్రాణాలు తీసుకొన్న రైతులలో అనేకులు తాగింది పురుగు మందే. ఈ గ్రంథం మన విద్యార్థికి అవసరం లేదని ఎవరనగలరు?

క్రీడా గ్రంథాల మాట ఎత్తగానే పెద్దల పెదవులపై చిరునవ్వు కనిపిస్తుంది. ఆటలు మైదానంలో ఆడవలసినవి గాని పుస్తకాలలో చదవవలసినవా అని వారి భావం. జాకీ రాబిన్సన్ సంగతి వినండి. బేస్‌బాల్ మన క్రికెట్టుకు దాయాది వంటి ఆట. అందులోని ప్రధాన లీగులలో దశాబ్దాల పాటు నల్లవారికి ప్రవేశం లేదు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున రాబిన్సన్ బరిలో దిగాడు. ప్రేక్షకులు దూషించినా, ప్రత్యర్థులు గాయపరచినా తిరిగి చేయి చేసుకోరాదని జట్టు అధిపతి బ్రాంచ్ రికీ ఆయనను ముందే కోరాడు. ఆయన ఆ నిగ్రహం పాటించాడు. కాని 1972లో, తాను మరణించిన సంవత్సరమే వెలువడిన ఆత్మకథలో ఆ నిగ్రహానికి చెల్లించిన మూల్యమెంతో దాచకుండా చెప్పాడు. విజయగాథగా లోకం పొగిడిన జీవితం లోపలినుండి ఎలా ఉన్నదో ఆ పుస్తకం చూపుతుంది.

ముహమ్మద్ అలీ పేరు మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు, గోడలమీద చిత్రపటాలున్నాయి. కాని ఆ పటం వెనుకనున్న సంగతి ఎందరికి తెలుసు? 1967 ఏప్రిల్ 28న, తన మతవిశ్వాసాన్ని కారణంగా చూపి, వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి ఆయన నిరాకరించాడు. ప్రపంచ విజేత బిరుదు పోయింది. ఐదేళ్ల శిక్ష పడింది. యౌవనంలోని అమూల్యమైన మూడు సంవత్సరాలకు పైగా ముష్టియుద్ధానికి దూరమయ్యాడు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షను రద్దు చేసింది. ఇది క్రీడా విషయమా, చరిత్ర విషయమా, రాజ్యాంగ శాస్త్ర విషయమా? మూడూ అని నా సమాధానం.

ఆ సరిహద్దులు ఎంత కృత్రిమమైనవో తెలియడానికి ఇంకొక్క గ్రంథం చాలు. డానియెల్ జేమ్స్ బ్రౌన్ 2013లో ప్రకటించిన ‘ది బాయ్స్ ఇన్ ది బోట్’, వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1936 బెర్లిన్ ఒలింపిక్సులో పడవ పందెం గెలిచిన కథ. ఆర్థిక మాంద్యపు రోజులవి. జట్టులోని జో రాంట్జ్ అనే కుర్రవాణ్ణి చిన్నతనంలోనే ఇంటివారు విడిచి వెళ్లారు. కూలి పనులు చేసి ఫీజు కట్టుకొన్నాడు. వారి పడవ ఆ ప్రాంతపు దేవదారు జాతి చెట్ల కలపతో చేసినది. పందెం జరిగింది హిట్లర్ కళ్లెదుట. అడవి, ఆకలి, రాజకీయం, ఆట అన్నీ ఒకే పడవలో కూర్చున్నాయి. దానిని ఏ బీరువాలో పెట్టాలి?

ఆంగ్లం కష్టమన్న ఆక్షేపణ మిగిలి ఉన్నది. అది నిజమే, నేను కాదనను. 1964లో హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ నెలకొన్నది. దేశం నలుమూలల నుండి పరిశోధకులు అక్కడికి వచ్చి చదువుకొన్నారు. అంతటి సంపద మన రాజధాని నగరంలోనే సమకూరినా డిగ్రీ విద్యార్థి చేతికి సులభంగా అందలేదు. అది పండితుల కోసం ఏర్పడినది. మన కళాశాలలో రెండు సాహిత్య భాషలున్నవి. దానిని మనం భారంగా కాక బలంగా ఎంచుకోవచ్చు. ఒక పుస్తకం చదివిన విద్యార్థి దాని సారాంశాన్ని ఉర్దూలోనో తెలుగులోనో నాలుగు పుటలు వ్రాసి, ఆ బీరువాలోనే ఉంచిన నోటుపుస్తకంలో చేర్చాలి. తరువాతివాడు ముందు దానిని చదివి, ఆపైన మూలంలోకి అడుగుపెడతాడు. ఐదేళ్లలో ఆ నోటుపుస్తకాలే ఒక చిన్న గ్రంథమాల కాగలవు.

కనుక నా కోరిక చాలా మితమైనది. ఉర్దూ, తెలుగు గ్రంథాలకు కేటాయించిన నిధిలో ఒక్క రూపాయి కూడ తగ్గించవద్దు. పాఠ్యగ్రంథాల రెండవ, మూడవ ప్రతులకు వెచ్చించే దానిలో కొంత మిగిల్చి, సంవత్సరానికి పన్నెండు పుస్తకాలు కొనండి: చరిత్రలో నాలుగు, ప్రకృతిలో నాలుగు, క్రీడలలో నాలుగు. క్రీడా గ్రంథాల ఎంపికలో ఆటగాళ్లకు కూడ చోటివ్వండి. గ్రంథాలయం గడప తొక్కని వారు దానితోనైనా తొక్కుతారు. సంవత్సరాంతాన ఇష్యూ రిజిస్టరు తెప్పించి చూడండి. ఆ పుస్తకాలు దుమ్ము పట్టి ఉంటే, మరుసటి సంవత్సరం ఎర్ర పెన్సిలు నేనే తెచ్చి అందిస్తాను.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. కొనిపించే భారం మాది. చదివే భారం మీది. డగ్లస్‌కు అక్షరం కోసం రొట్టెముక్క ఇవ్వవలసి వచ్చింది. మీకు అడుగుతున్నది ఒక సాయంకాలం మాత్రమే. ఆ బీరువా తలుపు తెరచిన మొదటి రోజున మీలో పదిమంది వరుసలో నిలబడి ఉంటే, పరీక్షలకు ఉపయోగపడవన్న వాక్యానికి నా వ్యాసం కంటె మీరే మంచి సమాధానం కాగలరు.