దాచకూడని సంగతి

"వాళ్ళమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయిందిట" అన్న మాట పెళ్ళివారి చెవిన పడకుండా గుట్టుగా ఉంచే ఇళ్ళు నేనెరుగుదును. చివరికి ఆ పిల్లకే తెలియనివ్వరు. అలాంటప్పుడు నాకు మేరీ క్లెయిర్ కింగ్ గుర్తొస్తారు.

ఈ అమెరికా శాస్త్రవేత్త మొదట చదివింది లెక్కలు. తర్వాత జన్యుశాస్త్రంలోకి వచ్చి, 1974లో రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన మొదలుపెట్టారు. కొన్ని ఇళ్ళల్లో తల్లికీ, పిన్నికీ, కూతురికీ వరసగా ఆ జబ్బే ఎందుకొస్తోందన్నది ఆవిడ ప్రశ్న. ఒక్క జన్యువుతో అంత జబ్బు వస్తుందా అని చాలామంది పెదవి విరిచారు. ఆవిడ బర్క్‌లీ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, కూతుర్ని పెంచుకుంటూ, పట్టు వదల్లేదు. 1990లో ఆ జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని చూపించారు. అదే బీఆర్‌సీఏ1. 1994లో మరో బృందం దాన్ని విడదీసి పట్టుకుంది. ఇప్పుడు రక్తపరీక్షతో అందులో లోపం ఉందో లేదో తెలుసుకోవచ్చు.

ఆవిడకు ఆధారమేమిటనుకున్నారు? 23 కుటుంబాల్లో 146 మంది జబ్బు వివరాలు. ఆ ఇళ్ళవాళ్ళూ మనలాగే గుట్టు అనుకుని ఉంటే?

రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. ఆ లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. కనుక మేనత్తల సంగతీ అడగాలి, డాక్టరుకు చెప్పాలి.

కూతురి కోసం చీరలూ నగలూ దాచండి, తప్పులేదు. ఈ ఒక్క సంగతి మాత్రం దాచకండి.