ఉల్లికోడు ఈగ వేరు, మేడిపండు ఈగ వేరు

వీడియోలో ముందు వరి గొట్టం చీల్చి చూపించాను, తర్వాత గట్టు మీది మేడికాయ కోశాను. రెండింట్లోనూ పురుగులే. రెండూ మొక్క చేతనే తమకు ఇల్లు కట్టించుకునే రకాలు. ఇది చూసే మా పక్క చేను బాబాయి "నీ వరికి ఉల్లికోడు ఈ చెట్టు వల్లేరా, కొట్టేయ్" అంటున్నాడు. నేను ఒప్పుకోను.

ఉల్లికోడు ఈగ చూడ్డానికి దోమలా ఉంటుంది. దాని పిల్లపురుగు ఆకు తొడుగుల మధ్య నుంచి కిందికి జారి పిలక మొవ్వులో కూర్చుంటుంది. అది తినేకొద్దీ ఆకు తొడుగు ఉల్లికాడలా గొట్టమైపోతుంది. ఆ పిలక ఇక కంకి వేయదు.

మేడి సంగతి వేరు. కాయ అంటాం గానీ లోపలంతా పూలే. కందిరీగల జాతికి చెందిన చిన్న ఈగ ఒకటి కాయ కొననున్న సన్న బెజ్జంలోంచి, రెక్కలు ఊడినా సరే, లోపలికి దూరుతుంది. తెచ్చిన పుప్పొడి పూలకి అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది. గుడ్డు పడిన పువ్వు బుడిపె అవుతుంది, మిగతావాటిలో గింజ కడుతుంది. ఆ ఈగ లేకపోతే మేడికి విత్తనమే లేదు. వరి జోలికి అది రానే రాదు. వేమన కాలం నుంచీ మేడిపండుకి చెడ్డపేరే, పాపం.

నా తప్పు కూడా చెప్పాలి. మొదటేడు గొట్టాలు కనబడగానే అగ్ని అస్త్రం కొట్టాను. గొట్టం బయటికొచ్చిందంటే ఆ పిలక అప్పటికే పోయినట్టు. కొన దగ్గర బెజ్జం ఉండి తెల్లపొర వేలాడుతుంటే ఈగ కూడా ఎగిరిపోయినట్టే. మరి మందు ఎవరి మీద పడింది? ఉల్లికోడు గుడ్లలో గుడ్లు పెట్టే ప్లాటిగాస్టర్ అనే నల్లటి చిన్న కందిరీగ మీద! ఇప్పుడు ముందు పది గొట్టాలు పీకి మొదలు చీలుస్తాను. పురుగు ఒంటినిండా చిన్న గింజల్లాంటివి కుక్కి ఉంటే మన మిత్రపురుగు పనిలో ఉన్నట్టే. ఆ మడిలో ఏదీ కొట్టను.

అసలు పోరాటం నాట్లకి ముందే. ఖరీఫ్‌లో ఆలస్యం చేయకుండా నాటాలి. సురేఖ, కావ్య లాంటి తట్టుకునే రకాలున్నాయి. కానీ ఉల్లికోడులోనూ రకాలున్నాయి కాబట్టి ఒక జిల్లాలో నిలిచిన వరి ఇంకో జిల్లాలో పడిపోవచ్చు. మీ చుట్టుపక్కల ఏది నిలిచిందో అడిగి వేసుకోండి.

బాబాయికి మేడికాయ చీల్చి చూపించాను. "చూద్దాంలే" అన్నాడు. గొడ్డలి మాత్రం ఇంకా మా గట్టెక్కలేదు.